పెట్ట పోయి పెట్టె వచ్చె

"అమ్మాయ్, పెట్టె అరుస్తోంది!"

మావయ్య మగ్గం గుంటలోంచి వేసిన ఆ కేకకి, పొయ్యి మీద పాలున్న సంగతి కూడా మరిచిపోయి పరుగెత్తాను.

మగ్గం ఆగితే మా ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది. ఆ నిశ్శబ్దంలో, గోడవార స్టూలు మీద ఉన్న తెల్లటి థర్మోకోల్ పెట్టె సన్నగా 'కీచ్' మంది. చెవి ఆనించాను. మళ్ళీ 'కీచ్ కీచ్'. మూత రవ్వంత ఎత్తి చూస్తే ఒక గుడ్డు మీద చుక్కలా పగులు, ఆ పగుల్లో బియ్యపు నూకంత ముక్కు.

"అత్తయ్యా! వచ్చేస్తున్నాయి!"

అత్తయ్య రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతున్నారు. లేవలేదు. "మూత గాలికి కొట్టుకుంటుందేమో చూడు" అన్నారు. రాట్నం తిప్పే చెయ్యి మాత్రం ఆగిపోయింది.

నాకు ఎవరికైనా చెప్పాలి. అప్పటికప్పుడు చెప్పాలి. మా ఆయన దుర్గాశంకర్ విజయవాడ వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టులో పని చేస్తారు. రోజూ పొద్దున్నే పెడనలో రైలెక్కి వెళ్ళి, పొద్దుపోయాక వస్తారు. ఫోన్ చేసేసరికి రైలు గుడివాడ దాటింది.

"ఏవండీ, విశేషం!"

పెళ్ళై నాలుగు నెలలు కూడా నిండని అమ్మాయి పొద్దున్నే మొగుడికి ఫోన్ చేసి ఆ మాట అనకూడదని నాకు తట్టలేదు.

"ఏంటీ?" అన్నారు. వెనక రైలు దడదడ.

"విశేషమండీ! పిల్లలు!"

"పిల్లలా? ఎంతమంది?"

"ఇంకా తెలీదు. ప్రస్తుతానికి ఒకటే ముక్కు బయటపెట్టింది."

"ముక్కేంటి ప్రత్యూ?"

"పెట్టెలోంచండీ!"

"నేనూ పెట్టెలోనే ఉన్నాను, ఏం వినపడట్లేదు, గట్టిగా చెప్పు!"

"కోడిపిల్లలూ!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. కానీ అప్పటికే ఆలస్యమైంది. 'పిల్లలా, ఎంతమంది' అన్న మాట ఆ పెట్టెలో ఉన్నవాళ్ళంతా విన్నారు. ఎదురు సీట్లో పెద్దావిడ మా ఆయన చేతిలో రెండు జామకాయలు పెట్టి, "ఆ అమ్మాయికి పెట్టు బాబూ, ఇప్పుడు నోరూరుతుంటుంది" అందట. కాదని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. ఆ రాత్రి ఆ కాయల్ని ఉప్పూ కారం అద్దుకుని తింటూ మేమిద్దరం నవ్విన నవ్వుకి అత్తయ్య రెండుసార్లు వచ్చి తలుపులోంచి చూసి వెళ్ళారు.

ఆ గుడ్లు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి.

మా అత్తయ్య వెంకటరావమ్మ గారిది కూచిపూడి పక్కన చిన్న ఊరు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పుడు, సారెతో పాటు వాళ్ళమ్మ ఒక నల్ల పెట్టని గంపలో పెట్టి పంపిందట. "నేనూ ఆ కోడీ ఒక్క రోజే ఈ గడప తొక్కాం" అంటుంటారు అత్తయ్య. ఆ పెట్ట పొదిగిన పిల్లలు, వాటి పిల్లలు, వాటి మనవరాళ్ళు, అలా ముప్పై ఏళ్ళకి పైగా దొడ్లో ఎప్పుడూ ఓ నల్ల పెట్ట ఉంటూనే ఉంది. వాళ్ళమ్మ పోయారు. ఆ ఇల్లు అమ్మేశారు. అత్తయ్యకి పుట్టింటిదంటూ మిగిలింది ఆ కోడి సంతతే.

కిందటేడు తెగులొచ్చి అన్నీ పోయి ఒక్క పెట్ట మిగిలింది. ఆషాఢం అయ్యాక నేను మా అమ్మ వాళ్ళింటి నుంచి తిరిగొచ్చేసరికి ఆ ఒక్కటీ, పక్కింటి పుంజు పుణ్యమా అని, పదకొండు గుడ్ల మీద పొదుగుకి కూర్చుని ఉంది. ఒక మధ్యాహ్నం గింజలు తినడానికి లేచి బయటికి వెళ్ళిన పెట్టని, దడి దగ్గర ముంగిస పట్టేసింది. మాకు దొరికినవి నాలుగు నల్ల ఈకలే. అత్తయ్య ఈకలు ఊడ్చేసి, గుడ్లున్న బుట్టని దొడ్డి గుమ్మం బయట పెట్టేశారు. ఆ రోజు నుంచి దొడ్లోకి వెళ్ళడం మానేశారు. గిన్నెలు కూడా లోపలి పంపు దగ్గరే తోమడం మొదలుపెట్టారు.

"అవి నాకివ్వండి అత్తయ్యా" అన్నాను.

"తల్లి లేని గుడ్లు. ఏం చేసుకుంటావ్?"

"పెట్టెలో పెడతాను."

చేపల బజారులో అడిగి తెచ్చిన థర్మోకోల్ పెట్టెని సబ్బుతో, నిమ్మచెక్కతో, మళ్ళీ సబ్బుతో కడిగాను. అయినా పండుగప్ప వాసన పోలేదు. లోపల చిన్న బల్బు, గిన్నెతో నీళ్ళు, మావయ్య జ్వరం చూసుకునే పాత థర్మామీటరు. నేను బీఎస్సీలో జువాలజీ చదివాను కాబట్టి గుడ్డుకి ఎంత వేడి కావాలో తెలుసు. చేత్తో గుడ్లు తిప్పడం, ప్రతిసారీ థర్మామీటరు విదిలించి పెట్టడం మాత్రం ఏ ల్యాబులోనూ నేర్పలేదు. మావయ్య ఆ హడావుడంతా చూసి, "పెట్ట పోయి పెట్టె వచ్చె" అని పాటలా అన్నారు. అత్తయ్య నవ్వలేదు. మావయ్య నాలిక కరుచుకున్నారు.

ఇప్పుడు ఆ పెట్టె అరిచింది.

మర్నాటికల్లా ఏడు పిల్లలు వచ్చాయి. తడి ఆరాక, నల్లటి ఉన్ని బంతులకి పసుప్పచ్చ పొట్టలు అతికించినట్టున్నాయి. అత్తయ్య చివరికి లేచి వచ్చి ఒకదాన్ని అరచేతిలోకి తీసుకున్నారు. అది ఆవిడ బొటనవేలి మీద కునికిపాట్లు పడింది. ఆవిడ మొహం చూసి మావయ్య మగ్గంలోకి దిగిపోయారు.

"మా అమ్మ కోడి కూడా పొట్ట కింద ఇలాగే ఉండేదటమ్మాయ్, పిల్లప్పుడు" అన్నారు అత్తయ్య. తర్వాత వెంటనే, "బతికితే చూద్దాంలే" అని దించేశారు.

ఆ 'బతికితే' నా గుండెలో కూర్చుంది.

చేపల పెట్టె గుడ్లకి సరిపోయింది కానీ పిల్లలకి సరిపోదు. పెద్ద ఇల్లు ఒకటి ముందే ఉంది. కాకపోతే అందులో అద్దెకున్నవాళ్ళున్నారు.

చిన్నప్పుడు విజయవాడలో మా వీధిలోకి గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు వేసిన కోడిపిల్లల్ని అమ్మకానికి తెచ్చేవారు. మా అపార్ట్‌మెంట్‌లో అవి రెండు రోజులు కూడా బతికేవి కావు. పెళ్ళయిన కొత్తల్లో ఆ సంగతి మాటల మధ్య ఆయనకి చెప్పాను. ఆయన విని ఊరుకున్నారనుకున్నాను. నేను ఆషాఢం నుంచి తిరిగొచ్చిన వారంలోనే, కొట్టుకి సెలవు పెట్టి గన్నవరం కోళ్ళ ఫారానికి వెళ్ళి, చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో పది పిల్లల్ని రైల్లో ఒడిలో పెట్టుకుని తెచ్చారు. ఉంగరం తెచ్చినా నేను అంత గంతులేసేదాన్ని కాదు. మా పెళ్ళికి వచ్చిన ఫ్రిజ్ అట్టపెట్టెని పడుకోబెట్టి, వరిపొట్టు పరిచి, ఒక చివర పెద్ద బల్బు వేలాడదీశాం. దాన్ని నేను బ్రూడరంటాను. అత్తయ్య 'బల్బమ్మ' అంటారు.

ఆ గన్నవరం పిల్లలకి ఇప్పుడు మూడు వారాలు దాటాయి. రెక్కల్లో ఈకలొచ్చి, మెడలు సాగి, ఇంటర్ చదివే కుర్రాళ్ళలా తయారయ్యాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దదానికి మేం టీసీ అని పేరు పెట్టాం. ఎందుకంటే అది పెట్టెలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడుస్తూ, ఎవరు కనిపిస్తే వాళ్ళని ఓసారి పొడిచి పరిశీలించి వెళ్తుంది.

వీటి మధ్యకి నిన్న పుట్టిన ఏడింటిని దించడమా? ఫోన్లో వీడియోలు చూశాను. సగం మంది వద్దన్నారు. సగం మంది జాగ్రత్త అన్నారు. వయసు తేడా ఉన్న పిల్లలకి కావలసిన వేడి వేరు, పెద్దవి చిన్నవాటిని పొడుస్తాయి, పెద్దవాటి రెట్టలోంచి రోగాలొస్తాయి. కానీ మాకున్నది ఒక్క పెట్టె, ఒక్క పెద్ద బల్బు. పాత పొట్టు తీసేసి కొత్తది పరిచాను. చిన్నవి మునిగిపోకుండా నీళ్ళ సాసర్లో గులకరాళ్ళు వేశాను. బల్బుని ఇంకాస్త కిందికి దించాను. వేడి ఉన్న చివర చిన్నవాళ్ళు, చల్లటి చివర పెద్దవాళ్ళు.

నిజంగా అలాగే సర్దుకున్నాయి! పెద్దవి వేడి భరించలేక దూరంగా జరిగాయి. చిన్నవి బల్బు కింద పళ్ళెంలో పోసిన నేరేడుపళ్ళలా గుంపుగా పడుకున్నాయి. టీసీ వచ్చి ఏడింటినీ ఓసారి చూసింది. ఒకదాన్ని ముక్కుతో నెట్టింది. తిరిగి వెళ్ళిపోయింది. నేను మావయ్యని పిలిచి చూపించాను, వంటింట్లోంచి అత్తయ్యని లాక్కొచ్చి చూపించాను, పక్కింటి అమ్మాయికి గోడ మీంచి చెప్పాను. నా జీవితంలో ఇంత చక్కటి పెట్టె ఇంకొకటి చూడలేదు.

"బాగుంది కానీ అమ్మాయ్, పెద్దయ్యాక ఎలా తెలుస్తుంది?" అన్నారు మావయ్య.

"ఏంటి మావయ్యా?"

"గన్నవరం వాటిలోనూ నల్లవి మూడున్నాయి. ఆర్నెల్లు పోతే ఏది మీ అత్త పుట్టింటిదో, ఏది మీ ఆయన రైల్లో తెచ్చిందో ఎవరు చెప్తారు? గుర్తు ఉండాలి."

మావయ్యకి గుర్తు లేకుండా ఏ పనీ ఉండదు. పడుగు మీద ఒక చీర ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో తెలియడానికి రంగు నూలుతో గుర్తు కడతారు. అదే చేత్తో మా ఇంట్లో తాళంచెవికీ, గొడుక్కీ, ఆయన కళ్ళజోడు కాడకీ కూడా గుర్తు కట్టి ఉంటుంది. మగ్గం మీద ఉన్న చీర ఎర్రంచుది. మిగిలిన ఎర్ర నూలు తెచ్చి, ఒక్కో నల్ల పిల్లనీ ఒళ్ళో పెట్టుకుని, కుడి కాలికి బిగుతు కాకుండా చుట్టి ముడేశారు. నేతగాడి ముడి. గింజంత కూడా ఉండదు, లాగితే తెగుతుంది తప్ప ఊడదు. రెండు కొసలు మాత్రం వెనక వేలాడుతున్నాయి.

"కోళ్ళకి కూడా అంచు చీరలు నేస్తున్నావా ఏంటయ్యా?" అన్నారు అత్తయ్య.

"నీ పుట్టింటివాళ్ళే, పట్టంచు లేకపోతే ఎలా?"

అత్తయ్య ఆ మాటకి పెట్ట పోయాక మొదటిసారి నవ్వారు. నేను ఫోటోలు తీసి ఆయనకి పంపాను. ఏడు నల్ల పాపాయిలు, ఏడు ఎర్ర గొలుసులు. ఆయన కొట్లో బేరం మధ్యలో ఉండి కూడా గుండె బొమ్మలు వరసగా పంపారు.

ఆ సాయంత్రమే కీచుమన్న అరుపులు విని వెళ్తే పెట్టెలో యుద్ధం జరుగుతోంది. గన్నవరం పిల్లలు మూడు నాలుగు కలిసి ఒక చిన్నదాన్ని మూలకి తోసి కాలి దగ్గర పొడుస్తున్నాయి. ముందు వరసలో టీసీ! చెయ్యి పెట్టి చిన్నదాన్ని లాగేసుకున్నాను. కాలు చర్మం లేచి నెత్తురు. మిగిలిన ఆరూ బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి వణుకుతున్నాయి.

"గన్నవరం గూండాలు!" అన్నాను. ఏడుపు వచ్చేసింది.

అత్తయ్య వెళ్ళి పసుపు తెచ్చారు. మావయ్య ఆ ఒక్కదాని కాలి నూలు బ్లేడుతో కోసి తీశారు. నేను నీళ్ళతో కడిగి పసుపు గట్టిగా అద్దాను. నెత్తుటి ఎరుపు కనిపిస్తే మళ్ళీ పొడుస్తాయని చదివాను. కాలికి పసుపు పూసుకుని అది పెళ్ళికూతురిలా కుంటుతూ నడిచింది.

"నేను చెప్పలా" అన్నారు అత్తయ్య, గోడకేసి చూస్తూ. "తల్లి ఉంటే రెక్క కిందికి లాక్కునేది. పెట్టెకి రెక్కలుంటాయా?"

ఆ మాట నన్ను అన్నది కాదు. అయినా ఆ రాత్రి ఆయన ఇంటికొచ్చాక నేను కూర కూడా వడ్డించలేకపోయాను. "ఒక్కటి పోయినా అత్తయ్య ఇంక దొడ్డి తలుపు తియ్యరండీ" అన్నాను. ఆయన అన్నం తినడం ఆపి, అటక మీంచి పాత కిటికీకి కొట్టిన పెద్ద కన్నాల ఇనప జల్లెడ ఒకటి దించి, ఫ్రిజ్ పెట్టెకి మధ్యలో అడ్డుగా నిలబెట్టి, తాడుతో కట్టారు. ఇటు చిన్నవి, అటు పెద్దవి. చూసుకోవచ్చు కానీ తాకలేవు. చేతులకి దుమ్ము, ప్లేటులో చారు చల్లారిపోయింది. ఇలాంటి మనిషి నాకు దొరికినందుకు ఏ దేవుడికి ఏం మొక్కుకోవాలో తెలియలేదు.

శనివారం దాకా బాగానే గడిచింది. పసుప్పాపాయి కుంటడం తగ్గించింది. శనివారం పొద్దున్న ముసురు పట్టింది. అల్పపీడనమన్నారు. బందరు వైపు నుంచి తడిగాలి తలుపుల సందుల్లోంచి ఈలవేస్తూ వస్తోంది. మా ఆయన గొడుగు పట్టుకుని రైలుకి వెళ్ళారు. వెళ్ళిన కాసేపటికి బల్బమ్మ టక్కున ఆరిపోయింది.

"లైన్ల మీద చెట్టు పడిందంట. సాయంత్రం దాకా రాదంట" అని వీధిలోంచి ఎవరో అన్నారు.

నేను నీళ్ళు కాచి స్టీలు సీసాలో పోసి, పాత చీర చుట్టి చిన్నవాళ్ళ దగ్గర పెట్టాను. అవి దాని చుట్టూ చేరాయి కానీ కుదురుగా లేవు. సీసా గుండ్రంగా ఉంటుంది, ఒకటి ఆనుకుంటే ఇంకోటి జారిపోతుంది. వెచ్చగా ఉంది కానీ పైన కప్పేది ఏమీ లేదు. దుప్పటి కప్పితే లోపల చీకటికి భయపడి ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయి. అరుపులు పెరిగాయి. పుట్టిన రోజున అరిచిన అరుపు కాదది. సన్నగా, ఆగకుండా, పిలుస్తున్నట్టు.

అత్తయ్య రాట్నం వదిలేసి వచ్చి పక్కన చతికిలబడ్డారు. మేం ముగ్గురం పెట్టె చుట్టూ కూర్చున్నాం. మావయ్య మగ్గం తలపెట్టలేదు.

"అమ్మాయ్" అన్నారు అత్తయ్య. "ఆరే ఉన్నాయేంటి?"

లెక్కపెట్టాను. ఆరు. పసుప్పాపాయి లేదు. సీసా కింద చూశాను. చీర మడతల్లో చూశాను. పొట్టు కెలికాను. అప్పుడు జల్లెడ కింద, అట్ట తడికి మెత్తబడి ఒరిగిన చోట, పిడికిలి పట్టేంత సందు కనిపించింది.

"అటు వెళ్ళిపోయింది!" అన్నాను.

అటువైపు గన్నవరం పిల్లలు పదీ దగ్గర దగ్గరగా ముడుచుకుని కూర్చున్నాయి. వాటి మధ్య చెయ్యి పెట్టబోయాను. అత్తయ్య నా మణికట్టు పట్టుకున్నారు.

"ఉండు. చూడు."

టీసీ పొట్ట కింద నుంచి, రెక్క పక్కగా, ఒక చిన్న నల్లటి తల బయటికి వచ్చింది. అటూ ఇటూ చూసింది. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. టీసీ కొంచెం కదిలి, సర్దుకుని, రెక్క ఇంకాస్త విప్పి, కళ్ళు మూసుకుంది.

టీసీ పొడవలేదు. ఇంకోటి కూడా పొడవలేదు.

"అదేంటే, నిన్న గాక మొన్న నమిలేసినంత పని చేసి!" అన్నారు మావయ్య గుసగుసగా.

నేను చిన్నవాళ్ళ వైపు చూశాను. పెద్దవాళ్ళ వైపు చూశాను. అప్పుడే మిగిలిన ఆరింటిలో ఒకటి జల్లెడని ఆనుకుని నిలబడింది. అటు నుంచి ఒక పెద్దది లేచి వచ్చి, జల్లెడ కన్నంలోంచి ముక్కు పెట్టి, దాని కాలి వెనక వేలాడుతున్న దారం కొసని పట్టి లాగింది. వదిలి, మళ్ళీ లాగింది. మా దొడ్లో కోళ్ళు వానపాముని లాగినట్టే.

"నూలు మావయ్యా!" అని అరిచేశాను. "పొడిచింది పిల్లల్ని కాదు, నూలుని! ఎర్రగా, సన్నగా, కదులుతూ ఉంటే పురుగనుకున్నాయి. పసుప్పాపాయికి నూలు లేదు. అందుకే దాని జోలికి పోలేదు!"

మావయ్య నావైపు చూశారు, తను కట్టిన ముడుల వైపు చూశారు. పాపం, ముప్పై ఏళ్ళ నేత మీద ఎవరో పేడ నీళ్ళు చల్లినట్టు మొహం పెట్టారు.

"కోడికి పట్టంచు కావాల్సొచ్చింది" అన్నారు అత్తయ్య.

"నువ్వూ నవ్వావు కదే!"

"నవ్వితే కట్టమన్నట్టా? ముందు తియ్!"

తియ్యడం అంత తేలిక కాదు. ఆ ముడి ఊడదు. మగ్గం మీద తెగిన పోగుని అతికే ముడి అది. ఎంత లాగితే అంత బిగుస్తుంది. కాలు అగ్గిపుల్లంత. మావయ్య కళ్ళజోడు పెట్టుకుని, నేను పిల్లని గుప్పిట్లో పట్టుకుంటే, అత్తయ్య రెండు వేళ్ళతో కాలు చాపి పట్టుకున్నారు. మావయ్య బ్లేడు మొనతో ఒక్కొక్క పోగూ కోశారు. చివరిదానికి దారం చర్మంలోకి కొంచెం దిగి ఉంది. అది మూగగా నా వేలిని కొరుకుతూ ఉంది. అయిపోయాక మావయ్య చెమట తుడుచుకుని, దారం ముక్కలన్నీ ఏరి జేబులో వేసుకున్నారు.

ఇప్పుడు జల్లెడ తియ్యాలా వద్దా?

నాకు భయంగానే ఉంది. చదివినదంతా గుర్తొచ్చింది. అత్తయ్య నా వైపు చూశారు. "పెట్టె నీది, గుడ్లు నావి. ఇద్దరం ఒప్పుకుంటే తీద్దాం" అన్నారు.

పిల్లల అరుపు సన్నబడుతోంది. అది అరుపు కంటే భయం.

"తీద్దాం అత్తయ్యా" అన్నాను.

తాడు విప్పి జల్లెడ ఎత్తాను. ఆరూ ఒక్కసారి ఆగిపోయాయి. తర్వాత ఒకటి, పొట్టులో తూలుతూ, నేరుగా పెద్దవాళ్ళ గుంపు దగ్గరికి వెళ్ళి దూరింది. వెనకే ఇంకోటి. ఒక పెద్దది చిరాగ్గా లేచి, ఒక చిన్నదాని నెత్తి మీద టక్కుమని ఒకటిచ్చింది. నేను చెయ్యి చాపాను. అత్తయ్య మళ్ళీ పట్టుకున్నారు. "అది పొడవడం కాదు. జరుగు అని చెప్పడం. నేనూ చెప్తాను కదా నీకు." ఆ చిన్నది జరిగింది. ఇంకో పెద్దదాని పక్కకి వెళ్ళి సర్దుకుంది. కాసేపటికి బయటికి కనిపించేవి పది గోధుమరంగు, నలుపు వీపులూ, వాటి కింద నుంచి అక్కడక్కడ పొడుచుకొచ్చిన చిన్న కాళ్ళూ. అరుపులు ఆగిపోయాయి. అవతల వాన మాత్రం వినిపిస్తోంది.

అత్తయ్య పమిట కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. "చలిగాలి" అన్నారు.

"అవునత్తయ్యా, చాలా చలిగాలి" అన్నాను. నా కళ్ళు కూడా అలాగే ఉన్నాయి.

మధ్యాహ్నం మేం అక్కడే, పెట్టె పక్కనే, అన్నాలు తిన్నాం. గోంగూర పచ్చడి, ముద్దపప్పు. అత్తయ్య నాకు మూడోసారి నెయ్యి వేశారు. మామూలుగా రెండుసార్లే వేస్తారు. వాళ్ళమ్మ గురించి చెప్పారు, కూచిపూడి కాలవ గట్టు మీద ఆ నల్ల కోడి వెనక తను పరిగెత్తిన సంగతి చెప్పారు. నాతో ఆవిడ ఇంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఆ ఈదురుగాలికీ, పడిపోయిన ఆ చెట్టుకీ, అందరూ తిట్టుకున్న ఆ కరెంటువాళ్ళకీ మనసులోనే దండం పెట్టుకున్నాను.

చీకటి పడకముందే కరెంటు వచ్చింది. బల్బమ్మ వెలిగింది. చిన్నవి పెద్దవాళ్ళ రెక్కల కింద నుంచి ఒక్కొక్కటే బయటికొచ్చి, ఒళ్ళు విరుచుకుని, వేడి వైపు నడిచి వెళ్ళి పడుకున్నాయి. ఏడూ ఉన్నాయి. పెద్దవి నీళ్ళ మీద పడ్డాయి, దాణా మీద పడ్డాయి. టీసీ యథాప్రకారం తనిఖీకి బయలుదేరింది.

ఆయన తడిసిపోయి ఇంటికొచ్చేసరికి ముగ్గురం ఒకేసారి చెప్పడం మొదలుపెట్టాం. ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ, "ఒక్కొక్కళ్ళు చెప్పండీ! ఏ పెట్టె? ఎవరు ఎవరి కింద దూరారు?" అన్నారు. మావయ్య జేబులోంచి ఎర్ర నూలు ముక్కలు తీసి, "ఇదిగో ముద్దాయి" అన్నారు.

"ఇంక గుర్తెలా నాన్నా మరి?"

"గుర్తు లేదు, గిర్తు లేదు" అన్నారు అత్తయ్య. "ఏది మా అమ్మదో నాకు తెలీకపోతే ఏమవుతుందిట?"

ఆవిడ లేచి దొడ్డి తలుపు గడియ తీశారు. పెట్ట పోయాక ఇన్నాళ్ళకి. చీకట్లోకి తొంగిచూసి, ముంగిస వచ్చిన దడి వైపు కాసేపు చూసి, చెయ్యి బయటికి చాపి వాన తగ్గిందో లేదో చూశారు.

"పెద్దాళ్ళకి ఇంక బల్బెందుకు? ఒంటినిండా ఈకలొచ్చాయి, పాపం ఆ వేడికి రొప్పుతున్నాయి" అన్నారు వెనక్కి తిరక్కుండానే. "రేపు ఆదివారం. ఒరే శంకరం, నువ్వు ఎక్కడికీ పోవద్దు, పొద్దున్నే ఆ దడి కంత పూడ్చెయ్. ఎండ రాగానే గన్నవరంవాళ్ళని దొడ్లోకి దించుదాం. గంప కింద పెట్టి నేను కాపలా కూర్చుంటాను. అమ్మాయ్, నువ్వు కూడా పీట తెచ్చుకో."